శవపేటికలోంచి వచ్చిన పెద్దమనిషి

1967 ఏప్రిల్. అమెరికాలో ఏబీసీ చానెల్ మధ్యాహ్నాలు ప్రసారం చేసే 'డార్క్ షాడోస్' సీరియల్‌లో విల్లీ లూమిస్ అనే ఆకతాయి, నగలు దొరుకుతాయన్న ఆశతో కాలిన్స్ వంశం సమాధిగదిలో దూరాడు. గొలుసులు చుట్టిన శవపేటిక మూత ఎత్తాడు. లోపల్నుంచి ఒక చెయ్యి లేచి వాడి గొంతు పట్టుకుంది. ఆ రోజుకి కథ అక్కడితో ఆగింది. మర్నాటి ఎపిసోడ్‌లో కాలిన్‌వుడ్ భవంతి గుమ్మంలో ఒకాయన నిలబడ్డాడు. భుజాల మీద కేప్, చేతిలో వెండి తోడేలు తల పిడిగా ఉన్న కర్ర, వేలికి నల్లరాయి ఉంగరం. ఇంగ్లండ్ నుంచి వచ్చిన బంధువునని, పేరు బార్నబస్ కాలిన్స్ అని ఎంతో వినయంగా చెప్పుకున్నాడు.

ఆ చేతికీ ఈ వినయానికీ మధ్య వదిలిన ఖాళీలోనే పనితనమంతా ఉంది. ఆ చెయ్యి ఎవరిదో ప్రేక్షకుడికి తెలుసు, ఇంట్లోవాళ్లకు తెలియదు. అందుకే ఆయన 'మీ ఇల్లు అందంగా ఉంది' అన్నట్టు ఏ మామూలు మాట అన్నా మనకు వెన్ను జలదరిస్తుంది. హాల్లో వేలాడే పాత చిత్రపటాన్ని కెమెరా ముందే చూపించి, గుండె చప్పుడు వినిపించి, మనిషి రాకముందే ఆ ముఖాన్ని మనకు అలవాటు చేసింది. బార్నబస్ రక్తం తాగే పిశాచి. కానీ వాంపైర్ అనే మాటను మాత్రం నెలల తరబడి ఎవరి నోటా పలికించలేదు. నిర్మాత డాన్ కర్టిస్ బృందం చేసిన తెలివైన పనుల్లో నా దృష్టిలో ఇదే మొదటిది. పేరు పెట్టని భయం మనిషిని ఎక్కువకాలం పట్టి ఉంచుతుంది.

ఆ పాత్ర వేసిన జోనథన్ ఫ్రిడ్ కెనడాలోని హామిల్టన్‌లో 1924లో పుట్టాడు. లండన్‌లోని రాడా నాటక అకాడమీలో నటన, యేల్ విశ్వవిద్యాలయంలో దర్శకత్వం చదివాడు. షేక్‌స్పియర్ నాటకాల్లో ఆరితేరినవాడు. కొద్ది వారాల పని అనుకుని ఒప్పుకున్నప్పుడు ఆయనకు 42 ఏళ్లు. రంగస్థలం నేర్పిన నిలకడ ఆ చిన్న తెరమీద స్పష్టంగా కనిపిస్తుంది. పక్కవాళ్లు గబగబా మాట్లాడుతుంటే ఆయన ఒక్కో మాటనూ తూచి వదులుతాడు. చేతులు ఊరికే ఆడించడు. ఎదుటివాళ్లను బెదిరించాలనుకున్నప్పుడు గొంతు పెంచడు, తగ్గిస్తాడు.

ఇందులో అదృష్టం పాలు కూడా కొంత ఉంది. ఆ సీరియల్‌ను దాదాపు ప్రత్యక్ష ప్రసారంలాగే ఏకబిగిన టేపు చేసేవారు. తప్పు దొర్లినా మళ్లీ తీయడం అరుదు. ఫ్రిడ్‌కు సంభాషణలు గుర్తుపెట్టుకోవడం కష్టమయ్యేది, కళ్లు టెలీప్రాంప్టర్‌ను వెతికేవి. మాట తప్పిన తోటి నటులు మాట తప్పినట్టే కనిపించేవారు. బార్నబస్ తడబడితే మాత్రం రహస్యం దాచేవాడు అబద్ధం కోసం తడుముకున్నట్టు ఉండేది. నటుడి కంగారును పాత్ర తనలో కలుపుకుంది. ఎప్పుడూ ఏదో దాస్తున్న మనిషిగా ఆయన ఆ పాత్రను మొదటే నిలబెట్టి ఉండకపోతే ఆ కలయిక కుదిరేది కాదు.

ఇందుకు సాక్ష్యం తుఫాను రాత్రి సన్నివేశం. కాలిన్‌వుడ్‌లో ఉండే విక్టోరియా, కెరొలిన్ అనే అమ్మాయిలకు బార్నబస్ జోసెట్ అనే పూర్వకాలపు యువతి కథ చెబుతాడు. ప్రియుడు వెంటాడితే ఆమె కొండ అంచుకు పరుగెత్తి కిందికి దూకిన కథ అది. ఆ ప్రియుడు తానే. అయినా 'నేను' అనడు, పరాయివాడి గురించి చెప్పినట్టే చెబుతాడు. చెబుతున్నకొద్దీ వృత్తాంతం జ్ఞాపకమవుతుంది, జ్ఞాపకం కోరికవుతుంది. వింటున్న అమ్మాయిలు భయపడుతూనే దగ్గరవుతారు. రక్తం చుక్క కనిపించదు. వాంపైర్ ఆకర్షణ అంటే ఏమిటో ఇంత పొదుపుగా చూపిన దృశ్యం నేను టెలివిజన్‌లో మరొకటి చూడలేదు.

ఆ ఆకర్షణను రచయితలు కడిగి శుభ్రం చేయలేదు. హోటల్లో పనిచేసే మాగీ ఎవన్స్‌ను బార్నబస్ ఎత్తుకుపోతాడు. జోసెట్ దుస్తులు తొడిగి, ఆమె సంగీతపు పెట్టె వినిపించి, 'నువ్వే జోసెట్‌వి' అని నమ్మించబోతాడు. ఒప్పుకోకపోతే చెరలో పెడతాడు. రాబర్ట్ కోబర్ట్ కూర్చిన ఆ పెట్టె రాగం మధురంగా ఉంటుంది, అందుకే భరించడం కష్టం. ఈ క్రూరత్వం చూసిన తర్వాతే, 1967 నవంబర్‌లో, కథ 1795కి వెళుతుంది. ఆంజెలిక్ అనే మంత్రగత్తె ఇచ్చిన శాపం, చెల్లెలు సారా మరణం, కొడుకును చంపలేక శవపేటికకు గొలుసులు వేయించిన తండ్రి జాషువా, అన్నీ అప్పుడు తెలుస్తాయి. విల్లీ తెంచిన గొలుసుల వెనక ఒక తండ్రి దుఃఖం ఉందని ప్రేక్షకుడికి తెలిసేసరికి దాదాపు ఏడాది గడిచింది. నేరం ముందు, కారణం తర్వాత. క్రమం తిరగబడి ఉంటే మన జాలి చౌకగా దొరికేది. ఇక్కడ అది మాగీ కన్నీళ్లను దాటుకుని రావాలి.

బడి వదలగానే పిల్లలు టీవీ ముందుకు పరుగెత్తేవారని ఆ తరం అమెరికన్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. సీరియల్ 1971 ఏప్రిల్‌లో 1,225 ఎపిసోడ్లతో ముగిసింది. 2012లో టిమ్ బర్టన్ తీసిన సినిమాలో జానీ డెప్ బార్నబస్ అయ్యాడు. అందులో ఒక్క క్షణం కనిపించిన ఫ్రిడ్, అది విడుదల కాకముందే, ఆ ఏప్రిల్‌లో కన్నుమూశాడు.

చూడాలనుకుంటే ఆ సినిమాతో మొదలుపెట్టకండి. సీరియల్ 210వ ఎపిసోడ్ నుంచి, నలుపు తెలుపుల్లో ఉన్న ఆ తొలి వారాలు వరుసగా చూడండి.