నాలుగు మరలు, నాలుగు తీగలు

ప్రెసిషన్ బేస్ గిటార్‌ను బోర్లా తిప్పితే నెక్ వచ్చి ఒంటికి కలిసేచోట ఒక ఇనప పలక, దానికి నాలుగు మరలు కనిపిస్తాయి. స్క్రూడ్రైవర్ పట్టడం వచ్చినవాళ్ళెవరైనా కాసేపట్లో వాయిద్యాన్ని రెండు ముక్కలు చేసి మళ్ళీ ఒకటి చేయవచ్చు. జిగురు పెట్టి నెక్ అతికించే పాతకాలపు గిటార్ పనివాళ్ళకు ఇది మోటుపనిగా తోచి ఉంటుంది. లియో ఫెండర్‌కు తోచలేదు. ఆయన వడ్రంగి కాదు, 1938లో కాలిఫోర్నియాలోని ఫులర్టన్‌లో రేడియో రిపేరు షాపు పెట్టుకున్న మనిషి. విప్పడం, పాడైన భాగం తీసి కొత్తది వేయడం, మూసేయడం: ఆయన చేతికి అలవాటైన పని అదే.

ఆ చేతుల్లోంచే 1951లో ప్రెసిషన్ బేస్ వచ్చింది. అంతకు ముందు మంద్రం పలకాలంటే మనిషంత ఎత్తు డబుల్ బేస్‌ను మోసుకు తిరగాలి. దానికి మెట్లు లేవు, వేలు ఎక్కడ పెట్టాలో చెవే చెప్పాలి. ఫెండర్ 34 అంగుళాల తీగ కింద ఫ్రెట్లు వేసి, స్వరం కచ్చితంగా పలుకుతుందని ఆ పేరు పెట్టాడు. 1957లో తీగల కంపనాన్ని విద్యుత్తుగా మార్చే పికప్ రెండు ముక్కలైంది, 1960లో జాజ్ బేస్ వచ్చింది. అసలు నమూనా అక్కడితో దాదాపు స్థిరపడిపోయింది.

అరవైల నాటి అసలు బేసులు ఇప్పుడు లక్షల్లో పలుకుతాయి, కొన్నవాళ్ళు బయటికి తీయడానికే భయపడతారు. మిగతావాళ్ళకు దొరికేవి ఆ పోలికలతో చేసిన చవకరకాలు. వీటి చరిత్ర కూడా సరదాగానే ఉంటుంది. డెబ్బైల్లో జపాన్ కంపెనీలు అమెరికన్ గిటార్లకు నకళ్ళు చేసి మార్కెట్ తినేస్తుంటే, ఫెండర్ కంపెనీ 1982లో జపాన్‌లోనే, మత్సుమొతోలోని ఫూజీజెన్ ఫ్యాక్టరీలో, తన నకలు తానే చేయించుకుంది. వాటికి పెట్టిన పేరు స్క్వయర్. ఎప్పుడో కొనేసిన ఒక తీగల కంపెనీ పేరది. ఆ తొలి జపాన్ స్క్వయర్లను ఇప్పుడు సేకరించేవాళ్ళున్నారు. తర్వాత పని చైనాకు, ఇండోనేషియాకు వెళ్ళింది. స్క్వయర్ పేరుతో వచ్చే క్లాసిక్ వైబ్ వరస ఆ పరంపరలోదే.

మనకు సంబంధించిన ముక్క ఒకటి ఇక్కడుంది. ప్రపంచవ్యాప్తంగా రోజ్‌వుడ్ వ్యాపారం మీద 2017లో ఆంక్షలు వచ్చాక చవక గిటార్ల ఫ్రెట్‌బోర్డులకు ఇండియన్ లారెల్ వాడటం పెరిగింది. లారెల్ అంటే ఏదో విదేశీ చెట్టనుకోకండి, మన అడవుల్లో ఉండే నల్లమద్దే. దానికి కొబ్బరినూనె మాత్రం రాయకండి, కొన్నాళ్ళకు ముక్కిపోయి వాసన వేస్తుంది. ఫ్రెట్‌బోర్డుల కోసమే అమ్మే నూనె ఏడాదికి రెండుసార్లు, నాలుగు చుక్కలు చాలు.

చవక బేస్ కొన్న కుర్రాళ్ళు మొదట చేసే పని కొత్త పికప్‌లకు ఆర్డరివ్వడం. నేనూ అదే చేశాను. మూడు వారాలు ఎదురుచూసి బిగించాక కూడా కింది తీగ గరగరలాడుతూనే ఉంది, ఎందుకంటే జబ్బు పికప్‌లో లేదు, నెక్‌లో ఉంది. నాలుగు తీగలూ కలిసి నెక్‌ను 70-80 కిలోల బలంతో లాగుతుంటాయి. ఆ లాగుడుకు ఎదురు నిలబడేది చెక్క లోపలి ట్రస్ రాడ్ అనే ఇనపకడ్డీ. వానాకాలం తేమకు, ఎండాకాలం ఏసీ గదికి చెక్క వంపు మారుతూనే ఉంటుంది కాబట్టి ఆ కడ్డీని ఏడాదిలో ఒకటి రెండుసార్లయినా పలకరించాలి.

చూసే పద్ధతి తేలిక. తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కిపట్టి, ఏడో ఫ్రెట్ మీద తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు చూడాలి. విజిటింగ్ కార్డు మందం, అంటే 0.3 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ, ఉంటే చాలు. సందు ఎక్కువుంటే కడ్డీ బిగించాలి, అసలు లేకపోతే వదులు చేయాలి. ఒకసారికి పావు చుట్టు మించకూడదు. తిప్పాక మళ్ళీ శ్రుతి చేసి, కాసేపు ఆగి, అప్పుడు చూడాలి. మొరాయిస్తే బలం ఉపయోగించకండి. ఇక్కడ తొందరపడినవాళ్ళు కొత్త నెక్ కొనుక్కున్నారు.

ఆ తర్వాతే తీగల ఎత్తు. పదిహేడో ఫ్రెట్ మీద మందపు తీగకు 2.4, సన్న తీగకు 2 మిల్లీమీటర్లు మామూలు కొలత. బ్రిడ్జ్ మీది మరలన్నీ దించేసినా ఎత్తు తగ్గకపోతే నెక్ విప్పి, అది కూర్చునే గుంటలో శరీరం లోపలివైపుగా విజిటింగ్ కార్డు ముక్క ఒకటి పెడతారు. ఇది నాటుపని అనుకునేవాళ్ళకు ఒక మాట: పాత ఫెండర్లను విప్పినా లోపల ఫ్యాక్టరీలో పెట్టిన ముక్కలు కనిపిస్తుంటాయి.

ఇక స్వరశుద్ధి. పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కిన స్వరం ఎక్కువ పలికితే బ్రిడ్జ్ మీద తీగ ఆనే శాడిల్ వెనక్కి, తక్కువ పలికితే ముందుకు. వీణకు మేళం కట్టేవాళ్ళు మైనంలో మెట్లను ఒక్కొక్కటే సర్ది రోజుల తరబడి చేసే పనికి ఇక్కడ నాలుగు మరలు సరిపోతాయి. ఆ వీణ పనితనం ఇందులో లేదని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఇంట్లో కూర్చుని ఎవరైనా చేసుకోగలగడమే దీని గుణం. జి తీగ మీద అయిదు, ఏడు ఫ్రెట్ల మధ్య ఒక స్వరం త్వరగా చచ్చిపోతే మాత్రం మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ఖరీదైన బేసులకూ ఆ జబ్బుంది.

పాత శబ్దం కావాలంటే డబ్బు పెట్టాల్సింది తీగల మీద. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ దగ్గర ఉన్నది 1962 ప్రెసిషన్. పైన చదునుగా ఉండే మందపు ఫ్లాట్‌వౌండ్ తీగలు, బ్రిడ్జ్ మూత కింద స్పాంజి ముక్క, ఒక్క చూపుడువేలు. తెగితే తప్ప తీగలు మార్చేవాడు కాదంటారు. గరుకు రౌండ్‌వౌండ్ తీగలకు మెరుపెక్కువ, ఫ్లాట్‌వౌండ్ తీగలకు మొదటి దెబ్బ తర్వాత వెంటనే తగ్గే గుండ్రటి నాదం. పాత చెప్పు లోపలి స్పాంజి కోసి బ్రిడ్జ్ దగ్గర తీగల కింద దూర్చి చూడండి. పైసా ఖర్చు లేకుండా ముప్పావు వంతు దూరం వెళ్ళిపోతారు. ఇళయరాజా పాటల్లో బేస్ తాళానికి తోడుగా ఆగిపోక సొంత రాగంతో నడుస్తుంది, చాలా పాటలకు శశిధరన్ వాయించిన ఆ నడక నేర్చుకునేవాళ్ళకు ప్రతి స్వరం విడిగా వినబడాలి కనుక స్పాంజి కాస్త పలచగా ఉంచుకోవాలి.

తర్వాత టంకం పని. చవకరకాల్లో ముందు చచ్చేవి వాల్యూమ్, టోన్ మీటలు, తిప్పితే చిటపటలాడతాయి. ఆ మీటల కింద 250 కె విలువున్న గట్టి పాట్‌లు రెండు, తీగ దూర్చే జాక్ ఒకటి మారిస్తే ఏళ్ళు నడుస్తుంది. టోన్‌కు 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేస్తే మామూలు, 0.1 వేస్తే తొలినాళ్ళ మసక. ఆ నాటి కాగితం చుట్టిన కెపాసిటర్ అంటూ వేలు అడిగేవాళ్ళను నమ్మకండి. విలువ ఒకటైతే నా చెవికి తేడా ఎప్పుడూ దొరకలేదు. హోరు వస్తుంటే బేస్‌ను అనుమానించేముందు గోడలోని ప్లగ్ చూడండి, ఎర్త్ తీగ లేని మూడు రంధ్రాల ప్లగ్గులు మన ఇళ్ళలో కొత్త కాదు. అక్కడ బాగుంటే బేస్ లోపల రాగి రేకు అతికించండి. జాజ్ బేస్‌లో ఒక్క పికప్ మోగిస్తే హోరు సహజం, రెండూ సమంగా పెడితే అణగుతుంది.

బేసిస్ట్ జాకో పస్టోరియస్ 1976లో తొలి ఆల్బమ్‌తో అందర్నీ నిలబెట్టినప్పుడు చేతిలో ఉన్నది ఫ్రెట్లు పీకేసి, పడవలకు పూసే ఎపాక్సీ పూసిన 1962 జాజ్ బేస్. ఇవాళ ఎవరైనా ఆ ఏడాది బేస్ మీద పట్టకారు పెడితే సేకర్తలు పోలీసులను పిలుస్తారు. చవక బేస్ మీద ఆ ధైర్యం ఇంకా మిగిలి ఉంది. ఇసుక కాగితంతో కావాలని గీతలు పెట్టి పాతదిలా చేయడం మాత్రం నాకు నచ్చదు, గీతలు వాయిస్తే వస్తాయి.

తీసిన పాత భాగాలను డబ్బాలో దాచండి, అమ్మే రోజున మళ్ళీ బిగించవచ్చు. నెక్ విప్పినప్పుడు మరొకటి కూడా చేయవచ్చు. ఫులర్టన్ పనివాళ్ళు నెక్ మడమ మీద పెన్సిల్‌తో తేదీ రాసేవాళ్ళు. నా బేస్ మడమ మీద ఫ్యాక్టరీ అంకెల కింద ఇప్పుడు నా చేతిరాతలో మూడు తేదీలున్నాయి. మూడోది మొన్నటి జూన్‌లో, తొలి వానలకు తీగలు మళ్ళీ లేచినప్పటిది.