ఇరువదిమందిలో నలుగురు: ఒక ప్రసిద్ధ ప్రయోగముపై విమర్శ

స్నాతకోత్తర పరిశోధన యనగానే మన విద్యార్థులకు పెద్ద యంత్రములు, ఖరీదైన ప్రయోగశాలలు స్ఫురించును. కాని ఆటిజమును గూర్చిన పరిశోధనలో మిక్కిలి పేరుపొందిన ఒక ప్రయోగమునకు కావలసినవి రెండు బొమ్మలు, ఒక బుట్ట, ఒక పెట్టె, ఒక గోళీ మాత్రమే. లండనులో పరిశోధక విద్యార్థిగా నుండిన సైమన్ బారన్-కోహెన్, అతని గురువగు ఊటా ఫ్రిత్, సహచరుడు ఆలన్ లెస్లీ కలిసి దానిని 1985లో 'కాగ్నిషన్' అను పత్రికలో ప్రకటించిరి. ఆ వ్యాసమునందలి గుణమెట్టిది, లోపమెట్టిది యని ఇక్కడ విచారింతము.

ముందుగా ఒక మాట. స్వలీనత యనియు పిలువబడు ఆటిజము అంటువ్యాధి కాదు. పెంపకలోపమువలన కలుగునదియు కాదు. అది మెదడు వికాసమునందలి ఒక భేదము. మాటలాడు తీరులోను, ఇతరులతో మెలగు తీరులోను, ధ్వనులు, స్పర్శ మొదలగువాని అనుభవములోను అది చిన్ననాటనే కనిపించును.

ప్రయోగ మిట్లు జరిగెను. శాలీ అను బొమ్మ తన గోళీని బుట్టలో వేసి బయటికి పోవును. ఆన్ అను బొమ్మ దానిని తీసి పెట్టెలో దాచును. శాలీ తిరిగి వచ్చును. ఇప్పుడామె గోళీకొరకు ఎక్కడ వెదకును? గోళీని మార్చుట ఆమె చూడలేదు గనుక 'బుట్టలో' అనుట సరియైన జవాబు. సామాన్య బాలలు 27 మందిలో 23 మంది, డౌన్ సిండ్రోముగల పిల్లలు 14 మందిలో 12 మంది సరిగా చెప్పిరి. ఆటిజముగల 20 మందిలో 16 మంది పెట్టెను చూపిరి. తనకు తెలిసినదానికంటె వేరైన తలపు ఇతరుల మనస్సులో ఉండునని గ్రహించు శక్తి వీరిలో కొరవడినదని పరిశోధకులు ఊహించిరి.

ఈ ప్రయోగములో మెచ్చదగిన వివేకము కలదు. 'గోళీ ఇప్పుడెక్కడున్నది? మొదట ఎక్కడుండెను?' అని కూడ ప్రతి బాలుని అడిగిరి. వీనికి అందరును సరిగానే బదులు చెప్పిరి. కనుక మరపుచేతనో, శ్రద్ధ లేకనో ఆ 16 మంది తప్పిరని చెప్ప వీలులేదు. భాషాశక్తినిబట్టి లెక్కించిన మానసిక వయస్సు ఆటిజముగల పిల్లలకు సగటున 5 సంవత్సరముల 5 నెలలు. డౌన్ సిండ్రోముగల పిల్లలకు 2 సంవత్సరముల 11 నెలలే. అయినను వీరు నెగ్గిరి. కనుక తెలివి తక్కువ యనుటయు చెల్లదు. పరీక్ష కూడ పూర్తిగా క్రొత్తది కాదు. 1983లో విమ్మర్, పెర్నర్ అనువారు రూపొందించిన దానిని సులభముచేసి వాడుకొనిరి. పూర్వుల పనిముట్టును క్రొత్త ప్రశ్నకు వినియోగించుటయు పరిశోధనయే యని విద్యార్థు లెరుగవలెను.

ఇక లోపములు. మొదటిది, సరిగా చెప్పిన నలుగురి సంగతి. వ్యాసకర్తలు వీరిని దాచలేదు. వీరొక ప్రత్యేకమైన చిన్న వర్గము కావచ్చునని వ్రాసిరి. కాని తరువాతి గ్రంథములలో, ఉపన్యాసములలో ఆ నలుగురు మరుగుపడిరి. 1995లో బారన్-కోహెన్ ప్రకటించిన గ్రంథమునకు 'మనస్సును చూడలేని గ్రుడ్డితనము' అను అర్థమిచ్చు పేరే ఉన్నది. 20 మందిలో 16 మందిని గూర్చిన మాట అందరిని గూర్చిన మాటయై కూర్చున్నది.

రెండవది, ఈ పరీక్ష కొలుచునది ఒక్క శక్తినేనా? ఫ్రాన్సెస్కా హాపే 1995లో ప్రకటించిన వ్యాసములో, ఆటిజముగల పిల్లలును భాషాశక్తి పెరిగిన కొలది ఇందు నెగ్గుచుందురని చూపెను. అదే సంవత్సరమున పీటర్సన్, సీగల్ అను ఆస్ట్రేలియా పరిశోధకులు, వినికిడిగల తల్లిదండ్రులకు పుట్టిన చెవిటి పిల్లలలో ఎక్కువమంది ఇట్టి పరీక్షలోనే తప్పుచున్నారని కనుగొనిరి. ఇంట సంభాషణ తక్కువైన పిల్లలకు ఇతరుల తలపులను గూర్చిన మాటలు వినబడవు గదా! ఇది 1985 నాటి ఫలితమును కొట్టివేయదు. దాని అర్థమును మార్చును.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. పరీక్షింపబడినది ఒక పక్షమే. తాను ఆటిజముగలవాడైన పండితుడు డేమియన్ మిల్టన్ 2012లో దీనిని ఎత్తిచూపెను. ఇరువురు ఒకరినొకరు గ్రహింపలేనపుడు లోపము ఒక్కరిదే యన నేల? ఆటిజము లేనివారు ఆటిజముగలవారి మనస్సును ఏపాటి గ్రహించుచున్నారు? ఈ వాదమును పరీక్షించుటకు క్రాంప్టన్, ఆమె సహచరులు ఒక కథను ఒకరినుండి ఒకరికి వరుసగా చెప్పించిరి. 2020లో ప్రకటించిన ఫలితమునుబట్టి ఆటిజముగలవారి వరుసలు ఇతరుల వరుసలతో సమానముగా కథను అందించెను. కలగలుపు వరుసలలో కథ ఎక్కువగా జారిపోయెను. ఎక్కువమందితో మరల చేసి 2025లో ప్రకటించినపుడు కలగలుపు వరుసలలో ఆ తగ్గుదల కనబడలేదు. ఆటిజముగలవారి వరుసలు మాత్రము వెనుకబడలేదు. విమర్శయు పరీక్షకు నిలువవలసినదే.

ఇది పండితుల తగవు మాత్రము కాదు. తరగతిలో కన్నెత్తి చూడని బాలు డొకడున్నాడనుకొనుడు. 'వీనికి ఎదుటివారి మనస్సు తెలియదు' అను వాక్యమును నమ్మిన ఉపాధ్యాయుడు వానికి నచ్చజెప్పుటయే మానుకొనవచ్చును. ఆ బాలుడు నలుగురిలో ఒకడేమో యని తలచినవాడు మరియొక విధమున చెప్పి చూచును.

కనుక ఉపాధ్యాయులు పై మూడు వరుసల అంకెలను నల్లబల్లపై వ్రాసి, వీనినుండి ఏమి చెప్పవచ్చును, ఏమి చెప్పరాదు అని విద్యార్థులను అడుగవలెను. రేపు వారిలో నెవరైన ఈ రంగమున స్నాతకోత్తర పరిశోధనకు పూనుకొనినచో, ఆ నలుగురు ఎట్లు నెగ్గిరను ప్రశ్నతోనే మొదలుపెట్టవచ్చును.