నేలమాళిగకు కొత్త కళ

సరాయ్ అంటే బాటసారుల విడిది. దక్షిణ ఢిల్లీలో జేఎన్‌యూ, ఐఐటీల చెంతనున్న బేర్ సరాయ్ పేరులోనే ఆతిథ్యం ఉంది. స్థలం కరువైన ఇలాంటి వాడల్లో నేలమాళిగను అతిథులు మెచ్చే విందుగదిగా మలచడం పలువురు పనివాళ్ల ఉమ్మడి విద్య.

మొదటి పోరు నీటితో. తాపీమేస్త్రీ చెమ్మ పట్టిన ప్లాస్టరింగ్‌ను చెక్కి, పగుళ్లు పూడ్చి, వాటర్‌ప్రూఫింగ్ పూతలు వేస్తాడు. ఊట నీటికి సంపు, తోడడానికి మోటారు అమరుస్తారు. గోడ పూర్తిగా ఆరాకే తక్కిన పనులు. జాతీయ భవన నిర్మాణ నియమావళి నేలమాళిగకు కనీస ఎత్తును నిర్దేశిస్తుంది; అందుకే ఫాల్స్ సీలింగ్‌ను అంగుళం అంగుళం లెక్కించి దించుతారు. ఎలక్ట్రీషియన్ వెలుగును గోడలపైకి మళ్లిస్తే గది విశాలంగా తోస్తుంది. వడ్రంగి పలకల వెనుక రాక్‌వూల్ నింపితే పాటల హోరు పైఅంతస్తుకు చేరడం తగ్గుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్లు గదికి ఊపిరి.

2024 జులై 27న ఢిల్లీ ఓల్డ్ రాజేందర్ నగర్‌లో నేలమాళిగ గ్రంథాలయంలోకి వరద నీరు చొచ్చుకొచ్చి ముగ్గురు సివిల్స్ అభ్యర్థులు మరణించారు. అనుమతి, వరదకు అడ్డుకట్ట, బయటపడే రెండో దారి లేని నేలమాళిగ ఎంత అందంగా ఉన్నా విందుకు తగదు.