కరెంటు కాదు, కసరత్తు కావాలి

నడుం నొప్పికి కోనసీమలో వైద్యాలకు కొదవ లేదు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లచేత తన్నించుకుంటే పట్టు వదులుతుందన్న నమ్మకం దగ్గర్నుంచి ఇంటికొచ్చి పొడిచే సూదిమందు దాకా అన్నీ ఉన్నాయి. నన్నడిగితే వాటన్నిటినీ మించింది కసరత్తు. అది తెలిసిన ఫిజియోథెరపిస్టు పనితనం ఒక్కసారి చూడండి. ఎక్కడ వేలు ఆనించాలో, ఎంత వంచాలో, ఎక్కడ ఆపాలో ఆ చేతికి తెలుస్తుంది. నిజమైన కళ అంటే అదీ!

మన కష్టమంతా నడుం మీదా మోకాళ్ల మీదా నడిచేదే. నాట్లేసే ఆడవాళ్లు పొద్దుగూకేదాకా వంగే ఉంటారు. ఆత్రేయపురంలో పూతరేకులు తీసేవాళ్లు వేడి కుండ ముందు ముందుకు వంగి కూర్చోవాలి. బండారులంక నేతగాడు గుంటమగ్గంలో కాళ్లు పెట్టాడంటే గంటల తరబడి లేవడు. కొబ్బరి వలిచేవాళ్లకు భుజాలు, దింపు కార్మికుడికి మోకాళ్లు, అవే పెట్టుబడి. అందుకే మంచి థెరపిస్టు స్కానింగు ఫిల్ము అందుకోకముందే అడుగుతాడు: “ఏం పని చేస్తారండీ? ఎలా కూర్చుంటే పెరుగుతుంది, ఎలా పడుకుంటే తగ్గుతుంది?” సగం వైద్యం ఆ ప్రశ్నల్లోనే ఉంది.

ఫిజియోథెరపీ చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. 1813లో స్వీడన్‌లో పెర్ హెన్రిక్ లింగ్ వ్యాయామ విద్యాలయం పెట్టాడు. 1894లో లండన్‌లో నలుగురు నర్సులు సంఘం కట్టారు. ఆ తర్వాత యుద్ధాలూ పోలియో దీన్ని పెంచి పెద్దచేశాయి. అసలు మాట్లాడుకోవాల్సింది మహానుభావుల గురించి.

న్యూజిలాండ్ థెరపిస్టు రాబిన్ మెకంజీని తలవకుండా నడుం మాటే ఎత్తకూడదు. 1956లో, కాల్లోకి లాగే నొప్పితో వచ్చిన స్మిత్ అనే ఆయన, తలవైపు ఎత్తుగా ఉన్న బల్ల మీద తెలియక బోర్లా పడుకున్నాడు. నడుంనొప్పి మనిషిని అలా వెనక్కి వంచడం ఆ రోజుల్లో మహాపరాధం. కాసేపటికి మెకంజీ వచ్చి చూస్తే కాలినొప్పి పోయింది! మరొకరైతే ‘హమ్మయ్య’ అనుకుని ఊరుకునేవారు. ఆయన దాన్ని పట్టుకుని ఒక పద్ధతే నిర్మించాడు. మొదట ఊరికే బోర్లా పడుకోవడం, తర్వాత మోచేతుల మీద ఛాతీ లేపడం, ఆపైన నడుం వదులుగా ఉంచి అరచేతుల మీద లేవడం. నొప్పి పిక్కలోంచి తొడకూ, తొడలోంచి నడుముకూ వెనక్కి జరిగితే, నడుం దగ్గర కాస్త పెరిగినా అది మంచి గుర్తే. కాల్లోకి దిగుతుంటే వెంటనే ఆపాలి. చూడ్డానికి మన భుజంగాసనంలాగే ఉంటుంది. దాన్ని ఎవరికివ్వాలో, ఎవరికివ్వకూడదో తేల్చడమే ఆయన గొప్ప.

వెన్నులో నరాల దారి ఇరుకైన పెద్దవాళ్లకు అది నప్పదు. నాలుగడుగులు వేస్తే వాళ్ల కాళ్లు బరువెక్కుతాయి, వంగి కూర్చుంటే హాయి. వాళ్లకు వెల్లకిలా పడుకుని మోకాళ్లు పొట్టకు లాక్కోవడమే మందు. ఆ తేడా పట్టుకోలేనివాడు ఎన్ని డిగ్రీలు తగిలించుకున్నా వృథా.

‘మోకాల్లో గుజ్జు అరిగిపోయింది’ అన్న మాట విన్నాక మనవాళ్లు మెట్లెక్కడం మానేస్తారు. మానేసినకొద్దీ తొడకండ కరుగుతుంది, మోకాలి మీద భారం పెరుగుతుంది. మడతపెట్టిన తువ్వాలును మోకాలి కింద పెట్టి ఐదు సెకన్లు నొక్కిపట్టడం, కాలు చాచి ఎత్తడం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం: కండ తిరిగిరావడానికి ఇవి చాలు. మోకాళ్లు దెబ్బతిన్న సైనికులచేత క్రమంగా బరువులు పెంచుతూ ఎత్తించి వాళ్లను కోలుకునేలా చేసిన అమెరికన్ డాక్టర్ థామస్ డెలార్మ్, కసరత్తుతో కండను తిరిగి తెచ్చుకోవచ్చని 1945లోనే రాశాడు. షుగరు ఉన్నవాళ్లకు తరచూ పట్టేసే భుజానికైతే, ముందుకు వంగి చేతిని వేలాడేసి మెల్లగా ఊపడం, వేళ్లను గోడ మీద పైకి పాకించడం. నెలలు పడుతుంది, ఓపిక కావాలి. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉన్నా ఫర్వాలేదు. మర్నాటికీ మిగిలిందా, మోతాదు తగ్గించాలి. మూత్రం మీద పట్టు తప్పినా, పాదం పైకి లేవక వాలిపోతున్నా, జ్వరంతో నడుం నొప్పి వచ్చినా కసరత్తు పక్కనపెట్టి ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

ఇంత విద్యను ఇవాళ మనం ఏం చేశాం? ఫిజియోథెరపీ అంటే ‘కరెంటు పెట్టించుకోవడం’ అయిపోయింది! నడుముకు నాలుగు ప్యాడ్లు అంటించి, స్విచ్చి వేసి, పక్క బల్ల దగ్గరికి పోవడం. రోగి ఫ్యాను కింద కునుకు తీసి, డబ్బు కట్టి వెళ్తాడు. ఒక్క కసరత్తయినా నేర్పారా? లేదు. బ్రిటన్ నైస్ సంస్థ 2016 మార్గదర్శకాల్లో నడుంనొప్పికి కరెంటు యంత్రాలూ, అల్ట్రాసౌండూ, బెల్టులూ, లాగే ట్రాక్షనూ వద్దని రాసింది. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీర్ఘకాలపు నడుంనొప్పికి కసరత్తును సిఫార్సు చేసి, బెల్టులనూ ట్రాక్షన్‌నూ కాదంది. మన మందుల షాపుల్లో మాత్రం బెల్టులు వేలాడుతూనే ఉన్నాయి. అంతకన్నా ఘోరం, మూలికల పేరుతో అమ్ముడయ్యే పొడులు. వాటిలో స్టెరాయిడ్లు కలిపినవీ దొరుకుతున్నాయి. రెండ్రోజుల్లో నొప్పి మాయమవుతుంది, ఆ వెనకే షుగరు పెరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది. దీన్ని వైద్యం అనడానికి నోరెలా వస్తుంది?

సాధన మన కోనసీమలోని అమలాపురానికి పరాయిది కాదు. దసరాకి చెడీ తాలింఖానా అనే సాముగరిడీల ప్రదర్శనలో కళ్లకు గంతలు కట్టుకుని, మనిషి ఒంటి మీద పెట్టిన కొబ్బరికాయను కత్తితో చీల్చే వీరుడికి ఆ గురి యంత్రం ఇవ్వలేదు, ఏళ్ల సాధన ఇచ్చింది. అలాంటి గడ్డ మీద పుట్టి, మన ఒళ్లు మనమే కదపడానికి బద్ధకిస్తే ఎలా?

యంత్రాన్ని నమ్ముకున్నవాళ్లు నామీద కోప్పడితే కోప్పడనీండి, నా పక్షం కసరత్తుదే. ఈసారి నొప్పితో క్లినిక్‌కి వెళ్తే మొహమాటపడకుండా ఒక్కమాట అడగండి: “ఇంటి దగ్గర ఏం చేసుకోవాలండీ? ఒక్కసారి చేయించి చూపించండి.” చూపించినవాళ్ల దగ్గరే ఉండండి. చూపించనివాళ్లకు దణ్ణం పెట్టి వచ్చేయండి.