రెక్క కొసన కేడెట్

కెనడాలో 1941లో మొదలైన రాయల్ కెనడియన్ ఎయిర్ కేడెట్స్‌లో 12 ఏళ్లు నిండిన పిల్లలు చేరొచ్చు. అక్కడి వేసవి గ్లైడర్ శిక్షణ మాట వస్తే అందరూ ఎగిరేవాళ్లనే మెచ్చుకుంటారు. నాకు మాత్రం నేల మీద రెక్క కొస పట్టుకుని నిలబడే కేడెట్ అంటేనే గౌరవం ఎక్కువ.

వాళ్లు వాడే ష్వైజర్ 2-33 గ్లైడర్‌కి ఇంజిన్ ఉండదు, బరువు మోసే పెద్ద చక్రం ఒక్కటే. ఆగి ఉన్నప్పుడు ఒక రెక్క నేలకు వాలిపోతుంది. పైలట్ సిద్ధమన్నాక కేడెట్ దాన్ని ఎత్తి సమంగా పట్టుకోవాలి. అంతకుముందే, పైన ఇంకేదైనా దిగుతోందేమో నలువైపులా చూసుకోవాలి. సంజ్ఞ ఇస్తే, గ్లైడర్‌ను తాడుతో లాగే విమానం మెల్లగా కదిలి ఆ తాడును బిగిస్తుంది. ఆ తర్వాత పరుగు. రెక్కను వెనక్కి లాగకూడదు, ముందుకు నెట్టకూడదు. అలా చేస్తే గ్లైడర్ ముక్కు పక్కకు తిరుగుతుంది. గాలి ఊతం అందగానే వదిలేయాలి. కొన్ని అడుగుల పరుగులో ఎంత నేర్పు!

మిగతా కేడెట్లలో ఒకరు తాడు తగిలిస్తారు, ఇంకొకరు ఎగిరే, దిగే సమయాలు రాస్తారు. దిగిన గ్లైడర్‌ను ఎండలో అందరూ కలిసి తోసుకొస్తారు. ఎవరికి ప్రమాదం కనిపించినా "ఆపండి" అని అరవాలి. ఆ అరుపు పదమూడేళ్ల పిల్లదైనా సరే, టేకాఫ్ ఆగుతుంది.