రాత్రి బస నిశ్చయించుకొన్న పిదప

ప్రయాణమునకు ముహూర్తము పెట్టించుట అందఱు నెఱిగినదే గాని, రాత్రి ఎచ్చట దిగవలెనో ముందుగా నిశ్చయించుకొని, అచ్చటినుండి వెనుకకు పగటిని లెక్కగట్టుకొనుట ఎడ్లబండ్లలోను పల్లకీలలోను తిరిగిన తరమువారికి వెన్నతో పెట్టిన విద్య. 1830లో చెన్నపట్టణము విడిచి కాశికి పోయి, పదునైదు మాసములకు పైగా సంచరించి తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారి యాత్రాచరిత్ర తెఱచి చూడుడు: దేవాలయములను గూర్చి వ్రాసిన శ్రద్ధతోనే, దిగుటకు చావడి గలదా, అంగళ్ళలో సరకు దొరకునా, నీళ్ళు మంచివా అని మజిలీ మజిలీకిని వ్రాసిపెట్టినారు. మధిర సుబ్బన్నదీక్షితులవారి కాశీమజిలీకథలలోనైతే పగలు నడకకు మాత్రమే; కథ పుట్టుట మజిలీలోనే.

కారెక్కినను ఆ పద్ధతియే నాది. ధర్మవరమున ఒక పాత లాడ్జిలో గది చెప్పియుంచి, ఉదయమున తమ్మునితో గూడ హిందూపురము విడిచితిని. తిన్నగా పోయినచో భోజనమువేళకు ముందే చేరదగిన దూరము. "ఇంతదానికి రోజంతానా అన్నా?" అని వాడు అడిగిన మాట నిజమే, కొంచెము దూరమునకు ఎక్కువ పగలు కేటాయించుటయే ఈ విద్యలోని మెలకువ. అయినను మా తొలి విడిది తాపీ యెఱుగనిది. హిందూపురపు పట్టుగూళ్ళ మార్కెట్టులో తెల్లనివి, పసుపుపచ్చనివి గూళ్ళు రాసులు పోసియుండగా, పురుగు చిలుకయై గూడు తొలుచుకొని వెలికివచ్చినచో దారము తెగిపోవును గనుక, అచ్చట బేరము నానబెట్టువాడుండడు.

లేపాక్షి చేరునప్పటికి ఎండ పదునెక్కెను. ఇరువదియేడడుగుల పొడవున ఒకే రాతిలో మలచిన బసవన్నను చూచి, కూర్మశైలముపైనున్న వీరభద్రాలయమునకు పోగా, యాత్రికులందఱును నేలకు పూర్తిగా ఆనని స్తంభము క్రింద గుడ్డ దూర్చి తీయుటలోనే మునిగియుండిరి. అచ్యుతరాయల కాలమున విరూపణ్ణ కట్టించిన ఆ మండపముల కప్పుపై వర్ణచిత్రములు పఱచుకొనియుండగా తలయెత్తినవారు అరుదు! నన్ను ఎక్కువసేపు నిలిపినది లతామండపము. ఒక స్తంభముపైని అల్లిక మఱియొక దానిపై మరల రాకుండ, పువ్వులు, తీగలు, హంసలు చెక్కిన ఆ శిల్పులకు అలసట లేదో, లేక కూలి దినమునకింత అని కుదిరినదో తెలియదు.

కొడికొండ దగ్గఱ పెద్దరహదారి నెక్కితిమి. ఇప్పుడు శ్రీనగరమునుండి కన్యాకుమారికి పోవు 44వ నంబరు దారియైన ఇదియే, నంబర్లు మార్చకముందు 7వ నంబరై వారణాసిలో మొదలయ్యెడిది, అనగా కాశీదారియే. అట్టి దారిమీద ఇప్పుడు మజిలీ యన్నది ఇంధనము పోయించుకొనునంతసేపు.

పెనుకొండ మాత్రము రహదారి ప్రక్కనే, కొండను వెనుక వేసికొని, తొందరపడువారిని ఏమియు అడుగక కూర్చున్నది. 1565లో తళ్ళికోట యుద్ధమున అళియ రామరాయలు కూలగా, తమ్ముడు తిరుమలరాయలు విజయనగరపు సిరిసంపదలతో కదలివచ్చి దిగినది ఇచ్చటనే. పిదప చంద్రగిరికి తరలువఱకు ఒక రాజ్యమునకే ఇది బస. అంతకు రెండు శతాబ్దములకు ముందే బుక్కరాయల కుమారుడు ఏలిన చోటు గనుక, దిక్కులేక దొరికినది గాదు, ఎఱిగిన విడిదియే. గగనమహలు కమానుల క్రింద నిలిచినపుడు, ఓడించిన సుల్తానుల కట్టడపు రీతి వీరి మేడలో ఇంత నిబ్బరముగా అమరియుండుట చూచి, యుద్ధము వేఱు, మేస్త్రీపని వేఱు అనుకొంటిని. ఒక్క ఊరిలోనే పార్శ్వనాథుని బసదియు, బాబయ్య దర్గాయు, రాయల కోటయు నుండగా, ఊరి దాపున ఎఱ్ఱమంచిలో 2019 నుండి కార్లు తయారగుచున్నవి. తమ్ముని కన్నులు ఆవైపే పోయినవి, వానిని తప్పుపట్టను.

చెన్నేకొత్తపల్లి దాటి ప్రక్కదారి పట్టి, వేరుశనగ చేల నడుమ ధర్మవరము చేరునప్పటికి దీపములు పెట్టుచుండిరి. లాడ్జి గొప్పదని చెప్పజాలను. ఎత్తైన కప్పు, పొడుగాటి కమ్మికి వ్రేలాడు ఫ్యాను, మెట్ల క్రింద బల్లపై అట్ట చిరిగిన రిజిస్టరు. "యాడ్నుంచి వస్తాండారు సార్? ఎన్నాళ్ళుంటారు?" అని అడుగుచు అచ్చట కూర్చున్న గుమాస్తా, పేరు, ఊరు, వచ్చిన పని అను గడులు నింపుకొనుట చూడగా, గది అద్దెలో సగము ఆ ప్రశ్నలకే చెల్లదగునని తోచెను. ఓరుగంటి పూటకూటియింట రూకకు దొరకు భోజనమును క్రీడాభిరామము మెచ్చుకొన్నది; ఇచ్చటి వంటవాని రాగిసంగటియు వేరుశనగ ఊరుబిండియు ఆ వరుసలో కూర్చుండదగినవే.

ప్రక్కగదిలో చీరల వ్యాపారి యొకరు తలుపులు బార్లా తెఱచి, మగ్గాలవాళ్ళు తెచ్చిన పట్టుచీరలు మంచముపై విప్పి చూచుచుండెను. ఒకదాని అంచున, మధ్యాహ్నము రాతిపై చూచిన తీగయల్లిక కనబడగా అడిగితిని.

"లేపాక్షి డిజైను సార్ ఇది. ఆడ స్తంభాల మీద ఉంటాదంట."

"మీరు చూడలేదా?"

"యాడ సార్! హిందూపురానికి నెలనెలా పోతాను. రైలు పట్టుకోవాల గదా."

అని, ఆ చీర మడచి, ధర తగ్గింపుమని నేతగానితో బేరమునకు దిగెను. అర్ధరాత్రివఱకు అది తెగలేదు. నేతగాడు చీర చంకనిడుకొని రెండుమాఱులు గుమ్మము దాటి వెళ్ళి, రెండుమాఱులును తిరిగివచ్చెను.