రెండు చౌక కార్డులు ఒక మేలి కార్డు అగునా?

కంప్యూటరు తెరపై కనబడు చిత్రములను గణించి గీయుటకై ప్రత్యేకముగా ఏర్పడిన భాగమే గ్రాఫిక్స్ కార్డు. ఆటలకే కాక, కట్టడముల నమూనాలు గీయుటకును, చలనచిత్రములను కూర్చుటకును ఇది అవసరము. మంచి కార్డు వెల ఎక్కువ. అందువలన కొద్దిపాటి పైకము గలవారికి ఒక ఊహ తోచుట సహజము: చౌక కార్డులు రెండు కొని జతచేసినచో ఖరీదైన కార్డుతో సమానము కాదా? జోడెద్దుల బండి ఒంటెద్దు బండికన్న ఎక్కువ బరువు లాగును గదా!

2016వ సంవత్సరమున తైపే నగరములో జరిగిన కంప్యూటెక్స్ ప్రదర్శన సందర్భమున ఎ.ఎం.డి. సంస్థ ఈ ఊహకు బలము చేకూర్చు పోలిక నొకదానిని ప్రకటించినది. ఒకవైపున రేడియన్ ఆర్‌ఎక్స్ 480 కార్డులు రెండు. మరొకవైపున ఎన్విడియా సంస్థవారి జిఫోర్స్ జిటిఎక్స్ 1080 ఒకటి. కదలు బొమ్మలోని ఒక్కొక్క నిశ్చల చిత్రమునకు ఫ్రేము అని పేరు. 'యాషెస్ ఆఫ్ ది సింగ్యులారిటీ' అను ఆటలో జంట కార్డులు సెకనుకు 62.5 ఫ్రేములును, ఒంటి కార్డు 58.7 ఫ్రేములును గీసినట్లు చూపబడినది. జంట వెల 500 డాలర్ల లోపు. ఒంటి కార్డు వెల సుమారు 700 డాలర్లు.

అంకెలను శంకింప పనిలేదు. కాని అంకె నిజమగుట వేరు, దానినుండి తీసిన నిర్ణయము నిజమగుట వేరు. జిటిఎక్స్ 1080 కార్డునకు ఎన్విడియా ప్రకటించిన కనీసపు వెల 599 డాలర్లు. 699 డాలర్లు ఆ సంస్థ స్వయముగా అమ్మిన ప్రత్యేకపు కూర్పు వెల. పోలికకు హెచ్చు వెలనే తీసికొనిరి. ఇక విద్యుత్తు మాట. ఆర్‌ఎక్స్ 480 ఒక్కొక్కటి 150 వాట్లకు నిర్ణయింపబడినది. జంటకు 300 వాట్లు. జిటిఎక్స్ 1080కు 180 వాట్లు చాలును. హెచ్చు విద్యుత్తునకు హెచ్చు శక్తిగల పవర్ సప్లయి కావలెను. హెచ్చు వేడిని వెలికి పంపవలెను. ఆ ఖర్చు కార్డు వెలలో కనబడదు.

అంతకన్న ముఖ్యమైనది పని పంపకము. 1998లో త్రీడీఎఫ్‌ఎక్స్ సంస్థవారి వూడూ 2 కార్డులు రెంటిని జతచేసినపుడు తెరలోని సరిసంఖ్య గీతలను ఒకటి, బేసిసంఖ్య గీతలను మరొకటి గీసెడివి. 2004లో ఎన్విడియాయును, 2005లో ఏటీఐ సంస్థయును జంటపద్ధతిని తిరిగి తెచ్చినపుడు మరియొక విధము వ్యాప్తికి వచ్చినది: మొదటి ఫ్రేమును ఒక కార్డు, రెండవదానిని ఇంకొక కార్డు, ఇట్లు మార్చి మార్చి గీయుట.

ఈ విధములో చిక్కులు నాలుగు.

మొదటిది: ప్రతి ఫ్రేమునకు ముందు ప్రాసెసరు కొంత పని చేయవలెను. కార్డునకు ఒక ఫ్రేము గీయుటకు 20 మిల్లీసెకనులు పట్టినచో సెకనుకు 50 ఫ్రేములు. రెండు కార్డులున్నచో 100 కావలెను. కాని ప్రాసెసరునకే ఒక్కొక్క ఫ్రేమునకు 15 మిల్లీసెకనులు పట్టుచున్నచో 66కు మించి రావు. ఖర్చు రెట్టింపు, లాభము మూడవ వంతు!

రెండవది: ఫ్రేములు సమానమైన ఎడముతో రాకపోవచ్చును. ఒకటి 5 మిల్లీసెకనులకు, తరువాతది 28 మిల్లీసెకనులకు వచ్చెననుకొనుడు. సగటు 16.5, అనగా సెకనుకు 60 ఫ్రేములు. కాని కన్ను ఆ 28ని పట్టుకొనును, బొమ్మ తడబడినట్లుండును. సగటు ఒక్కటే సత్యమును తెలుపదనుటకు గణిత పాఠమునకు ఇంతకన్న మంచి ఉదాహరణము అరుదు.

మూడవది: జ్ఞాపకశక్తి కూడదు. రెండు కార్డులును అదే దృశ్యమును గీయవలెను గనుక ఒకే సమాచారపు ప్రతులను వేర్వేరుగా దాచుకొనును. 4 గిగాబైట్ల కార్డులు రెండైనను ఆటకు దక్కునది 4 గిగాబైట్లే.

నాలుగవది: నేటి ఆటలు పెక్కు, గడచిన ఫ్రేములోని ఫలితమును క్రొత్త ఫ్రేములో వాడుకొనును. ఆ గడచిన ఫ్రేము రెండవ కార్డులో నున్నది! దానిని తెచ్చుకొనుటకే కాలము వ్యయమగును.

అయినను ఈ పద్ధతి పూర్తిగా వ్యర్థమని చెప్పుట న్యాయము కాదు. 2010లో జిటిఎక్స్ 460 కార్డుల జంట, 499 డాలర్ల జిటిఎక్స్ 480ని పెక్కు ఆటలలో మించినది. జంట వెల అంతకన్న తక్కువ. కాని ఆ మేలు ప్రతి ఆటకును కార్డు తయారీదారులు డ్రైవరులో వేరువేరుగా చేసిన ఏర్పాటుపై ఆధారపడినది. డైరెక్ట్‌ఎక్స్ 12 నియమావళితో ఆ బరువు ఆట నిర్మాతలపై పడినది. దానిని మోసినవారు కొందరే; 'యాషెస్' నిర్మాతలు వారిలో ఒకరు. అనగా తైపేలో చూపిన ఆట సామాన్యమునకు ఉదాహరణము కాదు, మినహాయింపు. అదే 2016లో వచ్చిన జిటిఎక్స్ 1060కి జతకలుపు అమరికయే లేదు. 2021 జనవరి 1 నుండి ఎన్విడియా పాత కార్డులకు క్రొత్త జంట ఏర్పాట్లు చేయుట మానినది. 2022లో వచ్చిన ఆర్‌టిఎక్స్ 40 శ్రేణిలో ఆ సంధానమే తొలగినది. జంట కొన్నవారి రెండవ కార్డు క్రొత్త ఆటలలో ఊరక కూర్చున్నది.

అయితే ఒంటి కార్డు కొనుటలోను మెలకువ కావలెను. 2017లో వచ్చిన జిటి 1030 కార్డునకు జిడిడిఆర్ 5 జ్ఞాపకశక్తి. దాని వేగము సెకనుకు 48 గిగాబైట్లు. 2018లో అదే పేరుతో డిడిఆర్ 4 కార్డు వచ్చినది, వేగము 16.8 మాత్రమే. పేరొకటి, పరిమాణమొకటే 2 గిగాబైట్లు. సమాచారము ప్రవహించు కాలువ మాత్రము మూడవ వంతు. 2022 జనవరిలో 199 డాలర్లకు వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టి, ప్రాసెసరుతో నాలుగు దారుల ద్వారానే మాటలాడును. క్రొత్త కంప్యూటరులో అది చెల్లును. పాతదానిలో ఆ దారుల వేగము సగమగును. 4 గిగాబైట్లు నిండిన పిమ్మట ఆట కుంటుపడును. చౌక కార్డు కొనువారి యొద్ద సాధారణముగా ఉండునది పాత కంప్యూటరే గదా!

కావున కార్డు పెట్టెపైనున్న పేరు, గిగాబైట్ల సంఖ్య, కార్డుల సంఖ్య — ఈ మూడును ప్రమాణములు కావు. పని ఎచ్చట ఇరుకుదారిలో పడుచున్నదో చూడవలెను. బ్లెండరు వంటి ఉపకరణములో చిత్రములను తయారుచేయునపుడు పని స్వతంత్రమైన ముక్కలుగా చీలును. అచ్చట రెండు కార్డులు నిజముగా ఉపకరించును. ఆటల కొరకైతే, పాత కార్డుల జంట నేడు ఎంత చౌకగా దొరికినను, ఆ పైకమును ఒక్క కార్డునకే వెచ్చించుట మేలు. కొనుటకు ముందు జ్ఞాపకశక్తి రకము, దాని వేగము, తన కంప్యూటరులోని పవర్ సప్లయి వాట్లు — ఇవి కాగితముపై వ్రాసికొని పోల్చినచో, ప్రకటనలోని అంకె ఎంత పెద్దదైనను మోసపోవు అవకాశము తగ్గును.